ఐదడుగుల ట్యాంకుకి మొక్కలు: చెరువువా, షాపువా?

వరంగల్_ఏంజెల్: ఇంట్లో 5×2×2 అడుగుల ట్యాంకు పెట్టించాం. నీళ్లు దాదాపు 560 లీటర్లు. బోరు నీళ్లే, గీజర్ కాయిల్ మీద తెల్లగా ఉప్పు పేరుకునేంత గట్టివి. ఎండాకాలం నీళ్లు 32 డిగ్రీలు దాటతాయి. ఏంజెల్ చేపలు, రోజీ బార్బులు వేద్దామని. మొక్కలకి గ్యాస్ అందించే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ పెట్టే ఉద్దేశం లేదు. ఏ మొక్కలు వేయాలి?

చెరువుగట్టు: వాలిస్నేరియా, హైడ్రిల్లా. ఇంకేం ఆలోచించకండి. గట్టి నీళ్లలో కరిగి ఉన్న బైకార్బొనేట్ నుంచే కార్బన్ లాక్కోగల మొక్కలివి, సిలిండర్‌తో పని లేదు. గబగబా పెరుగుతూ చేపల వ్యర్థంలోంచి వచ్చే అమ్మోనియా తాగేస్తాయి కాబట్టి పాచికి తిండి మిగలదు. రెండూ మన చెరువుల్లోవే, ఎండలకి పుట్టినవే. వరి మళ్లలో కలుపని పీకి పారేసే రోటాలా జాతి మొక్కల్నే షాపుల్లో చిన్న కుండీల్లో పెట్టి అమ్ముతున్నారు. దానికి డబ్బు పెట్టడం దేనికి?

మొక్కలమామ: చెరువు నుంచి మొక్క ఒక్కటే రాదు బాబూ. నత్త గుడ్లు, జలగలు, తూనీగ పిల్లలు వెంట వస్తాయి. తూనీగ పిల్ల నీళ్లలో ఉన్నన్నాళ్లూ వేటాడే పురుగు, నా గప్పీ పిల్లల్ని వరసగా తినేసింది. పొలం పక్క గుంటలోదైతే పురుగుమందు కూడా. అనూబియాస్, జావా ఫెర్న్ డ్రిఫ్ట్‌వుడ్‌కి (ట్యాంకులో పెట్టే చెక్క మొద్దు) దారంతో కట్టండి. వాటి దుంపకాండం ఇసుకలో పాతితే కుళ్లిపోతుంది, అది గుర్తుంచుకోండి. కింద క్రిప్టోకోరైన్ వెండిటీ, మధ్యలో అమెజాన్ స్వోర్డ్ రెండు.

గప్పీరాజా: నత్తల్ని తినే యోయో లోచ్ చేపలు వేస్తే సరి 😀

చెరువుగట్టు: పొటాష్ పర్మాంగనేట్ నీళ్లలో పది నిమిషాలు ముంచి కడిగితే నత్తలు పోతాయి.

మొక్కలమామ: నత్తలు పోతాయి, గుడ్లు పోవు. జిగురులో ఉంటాయి.

చెరువుగట్టు: మందు మోతాదు గట్టిగా కలిపితే గుడ్లూ పోతాయి.

మొక్కలమామ: గట్టిగా కలిపితే మీ హైడ్రిల్లా కూడా పోతుంది.

హన్మకొండ_నీరు: అన్నలూ, ఆయన అడిగింది మొక్కల గురించి.

చెరువుగట్టు: షాపు మొక్కల సంగతి నాకు చెప్పకండి మామా. ఆరు అమెజాన్ స్వోర్డ్‌లు కొన్నా. నెల తిరక్కుండా ఆకులన్నీ జావలా కరిగిపోయాయి. అడిగితే ‘మీ నీళ్లు బాలేవు’ అన్నాడు షాపాయన.

మొక్కలమామ: నర్సరీల్లో వాటిని నీళ్ల పైన పెంచుతారు. ముంచగానే గాలికి అలవాటైన ఆకులు రాలి, నీటి ఆకులు కొత్తగా వస్తాయి. మీరు ఆగకుండా పీకి పారేసి ఉంటారు.

చెరువుగట్టు: కొన్నప్పుడు ఆ మాట ఎవరూ చెప్పలేదు! మీకూ షాపుందా ఏంటి, అంత వెనకేసుకొస్తున్నారు?

మొక్కలమామ: నాకు షాపు లేదు, మోకాళ్ల నొప్పులున్నాయి. మీరు ఇక్కడ పెట్టిన ట్యాంకు ఫొటో చూశా. ఆకుల మధ్య చేప ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. అంత దట్టంగా ఉంటే రాత్రంతా మొక్కలే ఆక్సిజన్ తీసుకుంటాయి. వేడి నీళ్లలో అసలే ఆక్సిజన్ తక్కువ. మే నెలలో తెల్లారగట్ల కరెంటు పోయి ఎయిర్ పంపు ఆగితే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి.

చెరువుగట్టు: అందుకే వారం వారం కోయాలి! కోసి తీసేసిన ఆకుతోపాటే చేపల వ్యర్థంతో పేరుకునే నైట్రేట్ బయటికి పోతుంది. మీ అనూబియాస్ నెలకో ఆకు వేస్తుంది, అది నీళ్లకేం చేస్తుంది? లైటు కాస్త ఎక్కువైతే దాని మీదే నల్ల పాచి. మీకు కావాల్సింది షోకేసు. నాకు చేపలు బతికే నీళ్లు కావాలి.

మొక్కలమామ: ఆ కోత ఎవరు కోస్తారు? రెండడుగుల లోతు. స్టూలెక్కి భుజం దాకా చెయ్యి ముంచాలి. వాలిస్నేరియా వేరుతీగలు ఇసుక కింద పాకి ఈ మూల నుంచి ఆ మూలకి పోతాయి. ఏడాదిపాటు ప్రతి ఆదివారం ఆ పని చేసి చూసి అప్పుడు చెప్పండి.

వరంగల్_ఏంజెల్: అదే నా టెన్షన్ కూడా. నేను బెంగళూరులో ఉంటా. రోజూ చూసుకునేది నాన్న. ఆయనకి డెబ్బై దాటాయి.

హన్మకొండ_నీరు: ఈ ముక్క మొదటే చెప్పొచ్చుగా బ్రదర్!

మొక్కలమామ: అయితే ఇంకేం చర్చ లేదు. స్టూలెక్కించకండి. చెక్కకి కట్టిన మొక్కలు, క్రిప్టోకోరైన్‌లు, అంతే. బార్బులు లేత ఆకుల్ని కొరుకుతాయి కానీ అనూబియాస్ జోలికి పెద్దగా పోవు. చేపల్ని మాత్రం తక్కువ వేయండి.

చెరువుగట్టు: చేపలు తగ్గించమంటున్నారంటే మీ మొక్కలతో నీళ్లు సరిపోవని మీరే ఒప్పుకున్నట్టు. పైగా 32 డిగ్రీల్లో జావా ఫెర్న్ నల్లబడుతుంది. పెద్దాయన కోసమైతే హార్న్‌వర్ట్ తేలేయండి. నాటే పని లేదు, వేరుండదు. పెరిగిందాన్ని పై నుంచి చేత్తో లాగి కుండీలో ఎరువుగా వేసుకోవచ్చు.

మొక్కలమామ: హార్న్‌వర్ట్‌కి నాకు అభ్యంతరం లేదు. చెరువుది కాకపోతే.

గప్పీరాజా: మళ్లీ మొదలు 😂

వరంగల్_ఏంజెల్: నాన్నకి ఇదంతా ఫోన్‌లో చదివి వినిపించా. ఆయనకి ఎర్ర మొక్క ఒక్కటైనా కావాలట.

మొక్కలమామ: చాలా ఎర్ర మొక్కలకి బలమైన లైటు, సిలిండర్ కావాలి. వెండిటీలోనే గోధుమ రంగు రకం పెట్టి సర్దిచెప్పండి.

చెరువుగట్టు: ఎర్ర కలువ దుంప ఒకటి నాటండి, సిలిండర్ లేకుండానే వస్తుంది. పైకి తేలే ఆకుల్ని మాత్రం కాడతో సహా తుంచేస్తూ ఉండాలి.

మొక్కలమామ: ఎవరు తుంచాలి?