కాలేజీలో కౌన్సెలర్ ఉన్నా పిల్లలు ఎందుకు వెళ్లడం లేదు?

లెక్చరర్, గుంటూరు జిల్లా
మా ఇంజినీరింగ్ కాలేజీకి కౌన్సెలర్ మేడమ్ వారానికి మూడు రోజులు వస్తారు. ఆ గది చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది. పిల్లలకు బాధలు లేక కాదు. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్క. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న అమ్మాయి మరణించిన కేసులో, 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్ గానీ సైకాలజిస్టు గానీ ఉండాలని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. మనిషిని పెట్టినా పిల్లలు రాకపోతే ఏం చేయాలి? నా దృష్టిలో అసలు అడ్డంకి సిగ్గు. నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం. మీరేమంటారు?

మెకానికల్, మూడో సంవత్సరం
సర్, సిగ్గు ఉంది, కాదనను. కానీ మొత్తం దాని మీదకే తోసేయకండి. మా కాలేజీలో కౌన్సెలర్ గది ప్రిన్సిపాల్ ఆఫీసు పక్కనే ఉంది. తలుపు దగ్గర రిజిస్టరు. పేరు, రోల్ నంబరు, టైము, ఎందుకు వచ్చారో రాయాలి. బోనఫైడ్ సర్టిఫికెట్ కోసం లైన్లో నిలబడ్డ వాళ్లంతా చూస్తూనే ఉంటారు. నా ముందు పేజీలో ఎవరెవరున్నారో నేను చదవగలిగితే, రేపు నా పేరు కూడా ఇంకొకరు చదువుతారు కదా.

ఇక మెంటర్ల సంగతి. కొంతమంది విద్యార్థులకు ఒక లెక్చరర్‌ని మెంటర్‌గా వేస్తారు. ఇంటర్నల్ మార్కులు వేసేదీ ఆయనే. మా రూమ్మేట్ ఒకసారి "నిద్ర పట్టడం లేదు సర్, పుస్తకం తెరిస్తే భయమేస్తోంది" అని చెప్పుకున్నాడు. సాయంత్రానికల్లా వాళ్ల నాన్నకు ఫోన్ వెళ్లింది. ఆయన కంగారుపడి రాత్రి బస్సెక్కి వచ్చి కొడుకును ఊరికి తీసుకెళ్లారు. తిరిగొచ్చేసరికి హాజరు 75 శాతం కంటే తగ్గింది. 65కి తగ్గకపోతే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి కండొనేషన్, అంటే హాజరు లోటుకు మన్నింపు, అడగొచ్చు. వాడు టైఫాయిడ్ సర్టిఫికెట్ పెట్టాడు. ఆ కాగితం హెచ్‌ఓడీ టేబుల్ మీద నుంచి ప్రిన్సిపాల్ ఫైల్లోకి వెళ్తుంది మరి. టైఫాయిడ్ అంటే "ఆరోగ్యం జాగ్రత్త నాయనా" అంటారు. డిప్రెషన్ అని ఉంటే ప్లేస్‌మెంట్ సెల్ దాకా పాకుతుందని వాడి భయం. ఇదంతా చూశాక మా ఫ్లోర్‌లో ఎవరూ మెంటర్ దగ్గర నోరు విప్పలేదు.

ఒక తండ్రి, ఖమ్మం
బాబూ, నీ బాధ అర్థమైంది. కానీ తండ్రికి చెప్పడమే తప్పన్నట్టు రాశావు. ఎకరం అమ్మి పిల్లను హాస్టల్లో వేసినవాణ్ణి నేను. బిడ్డ ప్రాణం మీదకొచ్చినా కాలేజీ వాళ్లు నాకు చెప్పకపోతే, రేపు ఎవరిని అడగాలి? మీ గోప్యత కంటే నాకు నా కూతురు ముఖ్యం.

సైకియాట్రీ విభాగంలో పనిచేస్తున్నాను
అన్నా, మీ భయానికి చట్టంలోనే జవాబుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 23వ సెక్షన్ ప్రకారం చికిత్స చేసేవాళ్లు రోగి వివరాలు రహస్యంగా ఉంచాలి. ప్రాణాపాయం లాంటి సందర్భాలకు మినహాయింపులు ఉన్నాయి. 18 నిండని పిల్లల విషయంలో తల్లిదండ్రుల పాత్రను చట్టమే గుర్తించింది. అంటే ప్రాణం మీదకొస్తే మీకు ఫోన్ చేయొచ్చు. నిద్ర పట్టడం లేదన్నందుకు చేయకూడదు. ఆ తేడా తెలిసి, ఆ బాధ్యతకు కట్టుబడ్డ మనిషి కౌన్సెలర్ కుర్చీలో ఉండాలి. మెంటర్‌గా వేసిన లెక్కల మాస్టారు ఎంత మంచివారైనా ఆయన మీద ఈ బాధ్యత లేదు.

మా ఓపీకి వచ్చే కాలేజీ పిల్లల్లో చాలామంది ముందు జనరల్ మెడిసిన్‌కి వెళ్తారు. తలనొప్పి, గ్యాస్, గుండె దడ అంటారు. ఈసీజీ నార్మల్ వచ్చాక మా దగ్గరికి పంపిస్తారు. కూర్చోగానే చాలామంది అడిగేది ఒకటే: "ఈ చీటీ మీద సైకియాట్రీ అని ఉంటుందా మేడమ్?" ఎర్రగడ్డ, చినవాల్తేరు పేర్లను మనం తిట్లుగా వాడుతూ పెంచిన పిల్లలు ఇంకేమడుగుతారు? కాబట్టి సిగ్గు గురించి మాస్టారు చెప్పిందీ నిజమే. ఇప్పటికిప్పుడు ఎవరికైనా అవసరమైతే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్, ప్రభుత్వానిదే, ఉచితం, 24 గంటలూ, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఎంఎస్, డాలస్
ఇక్కడ అమెరికాలో రిజిస్టరూ లేదు, నాన్నకు ఫోనూ లేదు. చాలా యూనివర్సిటీల్లో కౌన్సెలింగ్ ఖర్చు స్టూడెంట్ ఫీజులోనే కలిసి ఉంటుంది. అయినా మనవాళ్లు వెళ్లరు. వీసా పోతుందని భయం. వీసా ఫారంలో అడిగేది నీకు గానీ ఇతరులకు గానీ ప్రమాదం తెచ్చే రుగ్మత గురించి. కౌన్సెలర్‌ని కలిశావా అని ఎక్కడా అడగరు. ఇది చెప్పినా నమ్మరు. ఇంకొకటి, అక్క పెళ్లికి చేసిన అప్పు, దాని మీద నా ఎడ్యుకేషన్ లోను, ఇంకా రాని ఉద్యోగం... ఇవన్నీ ఇంగ్లిష్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి? అపార్ట్‌మెంట్‌లో అందరం కలిసి ఉంటాం, వీడియో కాల్‌లో కూడా మాట్లాడలేం. నా ఫ్రెండ్ పార్కింగ్‌లో కారులో కూర్చుని మాట్లాడేవాడు.

లేడీస్ హాస్టల్
అమ్మాయిలకు ఇంకో మెలిక. బయట డాక్టర్ దగ్గరికి వెళ్లాలంటే వార్డెన్ ఔట్‌పాస్ మీద కారణం రాయాలి. "రేపు సంబంధాలు చూసేటప్పుడు ఎవరైనా చెప్తే?" అని అమ్మలే ఆపేస్తున్నారు.

లెక్చరర్, గుంటూరు జిల్లా
ఫస్టియర్ పిల్లల ఇంటికి అసలు ఫోన్ చేయకూడదంటే నేను ఒప్పుకోను. వాళ్లలో చాలామందికి ఇంకా పద్దెనిమిది నిండవు. రిజిస్టరు విషయంలో మాత్రం మీతోనే ఉన్నాను. మా దగ్గర కూడా ఒకటుంది, తీసేయమని సోమవారం అడుగుతాను. గది లైబ్రరీ వైపు మారిస్తే ఎలా ఉంటుంది?

మెకానికల్, మూడో సంవత్సరం
లైబ్రరీ వైపు అయితే నయం సర్, అందరూ ఏదో పని మీద వెళ్లేచోటు. దాంతోపాటు కండొనేషన్‌కి పెట్టే సర్టిఫికెట్‌లో జబ్బు పేరు అడగడం మానేయమనండి. "చికిత్సలో ఉన్నాడు, ఇన్ని రోజులు విశ్రాంతి అవసరం" అని డాక్టర్ సంతకం ఉంటే చాలదా?