అప్‌డేట్: ప్రార్థించినా గుండెదడ తగ్గడం లేదని అడిగింది నేనే

అందరికీ వందనాలు. మా ఆయన ఉద్యోగం పోయిందని, ఎంత ప్రార్థించినా టెన్షన్ తగ్గడం లేదని, నాకసలు విశ్వాసమే లేదేమోనని మూడు నెలల క్రితం అడిగాను. బైబిల్లో అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన ఉత్తరం, అదే ఫిలిప్పీయులకు రాసిన పత్రిక, 4వ అధ్యాయం నెమ్మదిగా చదవమని ఒక తమ్ముడు చెప్పాడు.

"దేనినిగూర్చియు చింతపడకుడి" సండే స్కూల్లో కంఠతా పట్టిన వాక్యమే. కానీ పౌలు దాన్ని బందీగా ఉండి రాశాడన్న సంగతి ఇన్నేళ్లలో మనసుకు తగల్లేదు. తర్వాతి వచనంలో దేవుని సమాధానం, అంటే ఆయనిచ్చే శాంతి, మన హృదయాలకు, తలంపులకు "కావలియుండును" అంటాడు కదా, ఆ మాటకు మూలమైన గ్రీకు పదం సైనికులు కాపలా కాయడానికి వాడేదని తెలిశాక నాకు ఏడుపొచ్చేసింది. కష్టం పోతుందని కాదు, కష్టం గుమ్మం దగ్గరున్నా లోపల కాపలా ఉంటుందని.

ఇప్పుడు తెల్లవారుజామున 3 గంటలకు మెలకువ వస్తే ఫోన్ ముట్టుకోను. పాలలెక్క రాసే పుస్తకం వెనక పేజీలో నా భయం ఏమిటో రాస్తాను, "ఈ నెల ఈఎంఐ" అనో "పిల్ల ఫీజు" అనో, పక్కనే ఆ రోజు దేవుడిచ్చినదొకటి. డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లాను, అందులో తప్పేమీ లేదని పాస్టరమ్మగారే పంపారు.

ఉద్యోగం ఇంకా రాలేదు. నిన్న రాత్రి మాత్రం రాస్తూ రాస్తూ పెన్ను చేతిలో ఉండగానే నిద్రపోయాను.