గ్యాస్ ఫర్నేస్ వెలిగిన నాలుగు సెకన్లకే ఆరిపోతోంది

మిషిగన్‌లోని మా ఇంట్లో ఇంటిని వేడిచేసే పన్నెండేళ్ల నాటి గ్యాస్ ఫర్నేస్ మూడు రోజులుగా నిలకడగా వెలగడం లేదు. థర్మోస్టాట్‌ను 68 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు పెట్టగానే పొగను బయటికి లాగే ఇండ్యూసర్ ఫ్యాన్ తిరుగుతుంది, గ్యాస్‌ను అంటించే ఇగ్నైటర్ ఎర్రబడుతుంది, బర్నర్లన్నీ నీలి మంటతో అంటుకుంటాయి; కానీ నాలుగు సెకన్లకే గ్యాస్ వాల్వ్ టక్కున మూసుకుపోతుంది, ఇలా మూడుసార్లు జరిగాక ఫర్నేస్ లాకౌట్‌లోకి వెళ్తుంది, అంటే మళ్లీ వెలిగే ప్రయత్నం ఆపేస్తుంది. గ్యాస్ వాసన లేదు. ఫిల్టర్ మార్చాను, బయటి పొగగొట్టానికి మంచు అడ్డుపడలేదని చూశాను, కరెంటు ఆపి, మంట ఉందో లేదో పసిగట్టే ఫ్లేమ్ సెన్సర్ కడ్డీని సన్నని స్టీల్ ఊలుతో రుద్దాను. ఆ తర్వాత ఒక పూట బాగానే పనిచేయడమే నన్ను తికమక పెడుతోంది. మంట ఉన్నప్పుడు మల్టీమీటరుతో కొలిస్తే సెన్సర్ కరెంటు 0.4 మైక్రోఆంపియర్లే వస్తోంది. కొత్త సెన్సర్ కొనే ముందు, లోపం బర్నర్ల ఎర్తింగ్‌లో ఉందో కంట్రోల్ బోర్డులో ఉందో ఏ పరీక్షతో తేల్చుకోవచ్చు?