27 అంగుళాల ఐమ్యాక్ (2011)లో గ్రాఫిక్స్ కార్డు మార్చుకోవచ్చా?

ప్రశ్న

నా దగ్గర 2011 మోడల్ 27 అంగుళాల ఐమ్యాక్ ఉంది. ఐ5 2.7 గిగాహెర్ట్జ్, గ్రాఫిక్స్ కార్డు రేడియన్ హెచ్‌డీ 6770ఎం, 512 ఎంబీ. మ్యాక్‌ఓఎస్ హై సియెరా వెర్షన్ దాటి ముందుకు పోవట్లేదు. ఆల్-ఇన్-వన్‌లో కార్డు బోర్డుకే అతికి ఉంటుందని కొందరు, దీంట్లో మార్చొచ్చని కొందరు అంటున్నారు. మార్చగలిగితే ఏ కార్డు తీసుకోవాలి? విప్పేటప్పుడు ఎక్కడ జాగ్రత్తపడాలి?

జవాబు 1

మార్చొచ్చండీ. 2011 ఐమ్యాక్‌లో గ్రాఫిక్స్ ఎంఎక్స్‌ఎం అనే విడి కార్డు (ల్యాప్‌టాప్‌లలో వాడే చిన్న రకం) మీద ఉంటుంది. 2012 చివర్లో వచ్చిన సన్నపాటి మోడళ్ల నుంచే బోర్డుకు సోల్డర్ చేయడం, స్క్రీన్‌ను జిగురు టేపుతో అంటించడం మొదలైంది.

మీరు హై సియెరా దగ్గర ఆగిపోవడానికి కారణం వేగం కాదు. దాని తర్వాతి వెర్షన్ మొజావే నుంచి మెటల్ (ఆపిల్ గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్) తప్పనిసరి, 6770ఎంకి అది రాదు. కాబట్టి మెటల్ పనిచేసే కెప్లర్ తరం ఎన్విడియా కార్డు చూడండి: క్వాడ్రో కె1100ఎం (45 వాట్లు) లేదా కె2100ఎం (55 వాట్లు). రెండూ 2 జీబీ, రెండూ చిన్న సైజు, అంటే టైప్ ఏ. నా ఓటు కె2100ఎంకే. 100 వాట్ల కార్డులకు ఆశపడొద్దు, మీ హీట్‌సింక్ (చిప్పు వేడిని లాగేసే లోహపు భాగం) ఆ వేడిని మోయలేదు.

ల్యాప్‌టాప్ నుంచి తీసిన కార్డును ఉన్నదున్నట్టు పెడితే ఆన్ చేసినప్పుడు ఆపిల్ గుర్తు కనబడదు, బ్రైట్‌నెస్ మారదు. ఐమ్యాక్ కోసం మార్చిన వీబయాస్ (కార్డు చిప్పులోనే ఉండి దాన్ని మొదలుపెట్టే చిన్న సాఫ్ట్‌వేర్) ఎక్కించాలి. అందుకు సీహెచ్341ఏ ప్రోగ్రామర్ (చిప్పులోది చదివి, రాసే యూఎస్‌బీ పరికరం), ఆ చిప్పుకు పట్టించే 8 కాళ్ల క్లిప్పు చాలు. కార్డు బయట ఉండగానే ఈ పని కానివ్వండి. పాత వీబయాస్‌ను రెండుసార్లు చదివించి, రెండు ఫైళ్లూ ఒకటేనని తేలాకే కొత్తది రాయండి. తేడా వచ్చిందంటే క్లిప్పు సరిగ్గా కూర్చోలేదన్నమాట. పాత ఫైలు దాచుకోండి.

జవాబు 2

విప్పడం గురించి నేను చెప్తాను, ఎక్కువ నష్టం జరిగేది అక్కడే.

ముందు కరెంటు వైరు పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. అయినా లోపలి పవర్ సప్లై బోర్డును వేలితో తాకొద్దు. దానికి మూత ఉండదు, కెపాసిటర్లలో ఛార్జ్ మిగిలే ఉంటుంది.

అద్దం అయస్కాంతాల మీద నిలబడుతుంది. పై మూలల్లో రెండు సక్షన్ కప్పులు పెట్టి లాగితే వచ్చేస్తుంది. తర్వాత స్క్రీన్‌కు టీ10 (నక్షత్రం గాడి ఉండే) స్క్రూలు 8. ఆ అయస్కాంతాలు స్క్రూను డ్రైవర్ కొన మీంచి లాక్కుని ఫ్రేము సందులోకి ఈడ్చుకుపోతాయి, ఒక్కొక్కటే పట్టకారుతో అందుకోండి. స్క్రీన్‌ను పై అంచు నుంచి నాలుగు వేళ్ల మందమే లేపండి. వెనక నాలుగు కేబుళ్లున్నాయి. డిస్‌ప్లే డేటా కేబుల్‌ను వైరు పట్టుకుని లాగితే బోర్డు మీది సాకెట్టే ఊడొస్తుంది, నల్ల ట్యాబ్ పట్టుకునే లాగాలి.

కార్డు కోసం మెయిన్ బోర్డు మొత్తం బయటికి తీయాల్సిందే. ప్రతి కనెక్టర్‌నూ పీకకముందే ఫోటో తీసుకోండి. పాత కార్డు వెనకున్న ఎక్స్ ఆకారపు బ్రాకెట్ కొత్తదానికీ కావాలి. అది జిగురుతో అంటి ఉంటుంది. హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి మెల్లగా లేపండి, స్క్రూడ్రైవర్ దూర్చి పెకలించొద్దు.

థర్మల్ ప్యాడ్ల (చిప్పుల వేడిని హీట్‌సింక్‌కు చేరవేసే మెత్తటి ముక్కలు) మందం ఊహించి కొనకండి. చిప్పు మీద పేస్టు పూసి, ప్యాడ్లు పెట్టి, హీట్‌సింక్ బిగించి, మళ్లీ విప్పి చూడండి. పేస్టు అచ్చు చిప్పు అంతటా పడితే సరే. ఒక పక్కే పడిందంటే మెమరీ మీది ప్యాడ్ మందమై చిప్పును ఎత్తేస్తోంది. 1 ఎంఎం తీసేసి 0.5 పెట్టండి.

స్క్రీన్ బిగించకముందే ఒకసారి ఆన్ చేయండి. బోర్డు మీద నాలుగు చిన్న ఎల్‌ఈడీలుంటాయి. మూడోది వెలిగితే కార్డును బోర్డు గుర్తుపట్టినట్టు. రెండు వెలిగి మూడోది వెలగలేదంటే, చాలాసార్లు కార్డు స్లాట్‌లో పూర్తిగా దిగకపోవడమే కారణం.

జవాబు 3

ఒక మాట కలుపుతాను. కార్డు మారాక ఓపెన్‌కోర్ లెగసీ ప్యాచర్‌తో (పాత మ్యాక్‌లలో కొత్త మ్యాక్‌ఓఎస్ వేసే ఉచిత టూల్) బిగ్ సర్ వేసుకోండి, కెప్లర్ డ్రైవర్లు దాంట్లోనే ఉన్నాయి. తర్వాతి వెర్షన్ మాంటెరీలో వాటిని ఆపిల్ తీసేసింది. ప్యాచ్ చేసి తిరిగి పెట్టొచ్చు గానీ, సిస్టం అప్‌డేట్ అయినప్పుడల్లా మళ్లీ ప్యాచ్ చేసుకోవాలి.

ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి హార్డ్ డిస్క్ ఇంకా పాతదే అయితే అదే రోజు ఎస్‌ఎస్‌డీ పెట్టేయండి. రోజువారీ వాడకంలో దాని తేడా కార్డు కంటే ఎక్కువ తెలుస్తుంది. 4కె వీడియో ఎడిటింగ్ కోసమైతే మాత్రం ఈ శ్రమ పెట్టుకోవద్దు, కె2100ఎం అందుకు చాలదు. ఆ పనికి 2017 ఐమ్యాక్ చూడండి. దాని థండర్‌బోల్ట్ 3 పోర్టుకు బయటి పెట్టెలో రేడియన్ ఆర్‌ఎక్స్ 580 తగిలించుకోవచ్చు, లోపల ఏదీ విప్పకుండానే.