అప్‌డేట్: రోమన్ రాజకీయ నవలల్లో పేర్ల గందరగోళం తీరింది

ప్రాచీన రోమ్ నాయకుల మీద నవల ఏది మొదలుపెట్టినా పేర్లు, పదవుల దగ్గరే ఆగిపోతున్నానని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

రాబర్ట్ హ్యారిస్ ‘ఇంపీరియం’తో మొదలుపెట్టమన్న సలహా పనిచేసింది. కథ చెప్పేది రోమన్ లాయరు, రాజకీయ నాయకుడు సిసెరో దగ్గర బానిసగా ఉన్న కార్యదర్శి టైరో. క్రీ.పూ. 70లో, సిసిలీని దోచుకున్న గవర్నర్ వెర్రెస్ మీద సిసెరో వాదించే కేసు. ఏడాది మారేదాకా సాగదీయాలని అవతలి పక్షం ఎత్తు (మనకు తెలియని విద్యా!). సిసెరో మాత్రం పొడుగు ప్రసంగం మానేసి నేరుగా సాక్షుల్ని దింపేశాడు. అక్కడ పుస్తకం పక్కన పెట్టలేకపోయాను.

క్వెస్టర్, ఈడైల్, ప్రేటర్, పైన కాన్సుల్: రోమన్ పదవుల ఈ మెట్ల వరుస చీటీ మీద రాసి పేజీల్లో పెట్టుకుంటే చాలు. వంశవృక్షాలు, లాటిన్ ఉచ్చారణ వీడియోలు అస్సలు అవసరం పడలేదు. ఇప్పుడు ఈ నవలల వరుసలో రెండో పుస్తకంలో, అధికారం లాక్కోవడానికి కాటిలైన్ అనే నాయకుడు పన్నిన కుట్ర దగ్గర ఉన్నాను.