విండోస్ 11 సిస్టమ్ కొనేముందు: పాత పేజ్‌మేకర్, తెలుగు టైపింగ్ లాక్ ఆడతాయో లేదో ఎలా చూసుకోవాలి?

పేట డీటీపీ:

నరసరావుపేటలో మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లుబుక్కులు, పరీక్షలప్పుడు స్కూళ్ల ప్రశ్నపత్రాలు. ప్రింటింగ్ మిషన్ పని మా ఆయనది, టైపింగూ డిజైనూ నావి. సిస్టమ్ విండోస్ 7, 32 బిట్. అందులో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, ఫొటోషాప్ 7, డిజైన్లు గీసే కోరల్ ఎక్స్3 ఉన్నాయి. తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌కి యూఎస్‌బీ లాక్ ఉంది, అది గుచ్చకపోతే ఒక్క అక్షరం పడదు. ట్రేసింగ్ పేపర్ మీద ప్రింట్ తీయడానికి ఒక పాత లేజర్ ప్రింటర్.

ఈమధ్య పొద్దున్నే స్విచ్ రెండు మూడు సార్లు నొక్కితేగానీ సిస్టమ్ లేవడం లేదు. మాఘమాసం ఆర్డర్లు మొదలయ్యేలోపు కొత్తది తీసుకుందామని గుంటూరు వెళ్లాం. షాపతను రెండు చూపించాడు. ఒకటి ఇంటెల్ ఐ5 డెస్క్‌టాప్. రెండోది స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ ఉన్న పల్చటి ల్యాప్‌టాప్. రెండిట్లోనూ విండోస్ 11. ల్యాప్‌టాప్ బ్యాటరీ రోజంతా వస్తుందన్నాడు, కరెంటు పోయినా పని ఆగదని మా ఆయనకి అదే నచ్చింది. నా సాఫ్ట్‌వేర్లు ఇందులో ఆడతాయా అంటే "అన్నీ ఆడతాయి మేడమ్" అన్నాడు. బిల్లు మీద రాసిస్తావా అంటే నవ్వి ఊరుకున్నాడు. పైగా కొత్త కోరల్ కూడా తీసుకోమంటున్నాడు.

నా దగ్గర పీఎండీ ఫైళ్లే (పేజ్‌మేకర్‌లో చేసినవి) వేలల్లో ఉన్నాయి. పోయినేడు పెద్దమ్మాయి కార్డు కొట్టించుకున్నవాళ్లు ఈ ఏడు చిన్నమ్మాయికి "అదే మోడల్, పేర్లు మార్చండి చాలు" అంటూ వస్తారు. డబ్బు కట్టకముందు ఏమేం చూసుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

కీబోర్డ్ కుర్రాడు:

టెన్షన్ ఎందుకక్కా. ఐకాన్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, విండోస్ 7 అని టిక్ పెట్టేయండి. మా ఫ్రెండ్ షాపులో పేజ్‌మేకర్ విండోస్ 10లో అలాగే నడుస్తోంది.

గుంటూరు సర్వీస్:

తమ్ముడు చెప్పింది పేజ్‌మేకర్ వరకు నిజమే. 2001లో వచ్చిన ప్రోగ్రామ్ అయినా 32 బిట్‌దే కాబట్టి చాలాచోట్ల లేస్తుంది. కానీ ఆ మోడ్ చేసేదల్లా ప్రోగ్రామ్ అడిగినప్పుడు "ఇది విండోస్ 7" అని అబద్ధం చెప్పడమే. డ్రైవర్ (లాక్, ప్రింటర్ లాంటివాటిని విండోస్‌తో పనిచేయించే చిన్న ప్రోగ్రామ్) దగ్గర ఆ అబద్ధం చెల్లదు. అమ్మా, మీ అసలు చిక్కు పేజ్‌మేకర్ కాదు, ఆ లాక్. ఆ తర్వాత ప్రింటర్.

విండోస్ 11లో 32 బిట్ అనేదే లేదు, అంతా 64 బిట్. 32 బిట్ ప్రోగ్రామ్ దాంట్లో నడుస్తుంది గానీ 32 బిట్ డ్రైవర్ ఎక్కదు. మీ లాక్‌కి ఇప్పుడున్నది 32 బిట్ డ్రైవర్. అందుకని సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేసి మూడే అడగండి: నా వెర్షన్ నంబరు ఇది, దీని లాక్‌కి విండోస్ 11 64 బిట్ డ్రైవర్ ఉందా? లేకపోతే కొత్త వెర్షన్‌కి ఎంత? ఈ లాక్ ఉంచుకోవచ్చా, మార్చాలా? "మా సాఫ్ట్‌వేర్ విండోస్ 11లో ఆడుతుంది" అంటే తృప్తి పడకండి, వాళ్లు చెప్పేది ఇప్పుడు అమ్ముతున్న వెర్షన్ సంగతి. మీ చేతిలో ఉన్నది వేరు. జవాబు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాయించుకోండి.

ఇక ఆ ల్యాప్‌టాప్. మీ పనికి అది వద్దే వద్దు. స్నాప్‌డ్రాగన్ అంటే ఆర్మ్ ప్రాసెసర్. మామూలు ఇంటెల్, ఏఎండీ ప్రోగ్రామ్‌లను అది అనువదించుకుంటూ నడిపిస్తుంది, ఆఫీసు పనికి దివ్యంగా ఉంటుంది. డ్రైవర్‌ని మాత్రం అనువదించదు. లాక్‌కీ పాత ప్రింటర్‌కీ ఆర్మ్ కోసమే రాసిన డ్రైవర్లు ఉండాలి, అవి మీ పాత సామానుకి దొరుకుతాయన్న ఆశ పెట్టుకోకండి. కరెంటు సంగతయితే డెస్క్‌టాప్‌కి ఒక యూపీఎస్ పెట్టించుకోండి.

షాపులో మిషన్ ముందు కూర్చుని సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ తెరవండి. సిస్టమ్ టైప్ అన్న వరసలో ఎక్స్64 అని ఉండాలి, ఆర్మ్ అని ఉంటే లేచి వచ్చేయండి. అక్కడే ఎడిషన్ కూడా చూడండి. ఎస్ మోడ్ అని ఉంటే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఉన్నవి తప్ప వేరేవి ఎక్కవు. దాన్ని ఉచితంగానే తీసేయొచ్చు, తీశాక మళ్లీ పెట్టలేం.

తర్వాత మీ లాక్, దాని సెటప్ ఉన్న పెన్‌డ్రైవ్ తీసుకెళ్లి ఆ డెస్క్‌టాప్‌కే గుచ్చి చూపించమనండి. సిస్టమ్‌కి తగిలించినవన్నీ చూపించే డివైస్ మేనేజర్‌లో లాక్ పక్కన పసుపు త్రికోణం కనిపిస్తే డ్రైవర్ ఎక్కలేదన్నమాట. అప్పుడు కుర్రాళ్లు విండోస్ సెక్యూరిటీలోకి వెళ్లి కోర్ ఐసొలేషన్ కింద మెమొరీ ఇంటెగ్రిటీ ఆపేస్తారు. పాత డ్రైవర్లను అది అడ్డుకునే మాట నిజమే. కానీ కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌లన్నీ గుచ్చే సిస్టమ్‌లో ఆ రక్షణ తీయించుకోవడం నాకు నచ్చదు. 64 బిట్ డ్రైవర్ ఇచ్చినా అది ఆపితేగానీ ఎక్కనంటే, ఆ లాక్ వయసైపోయిందని లెక్క.

ప్రింటర్‌కి దాని కంపెనీ సైట్‌లో మోడల్ నంబరు కొట్టండి. డ్రైవర్ల పేజీలో ఆపరేటింగ్ సిస్టమ్ జాబితాలో విండోస్ 10 64 బిట్ ఉన్నా చాలావరకు 11లో పనైపోతుంది. విండోస్ 7తో ఆగిపోతే ప్రింటర్ ఖర్చు కూడా బడ్జెట్‌లో కలుపుకోండి.

కరీంనగర్ గ్రాఫిక్స్:

నమస్తే మేడమ్. ఫైళ్ల సంగతి నేను చెప్తా, మాదీ ఇదే పని.

పేజ్‌మేకర్ తర్వాత అడోబీ తెచ్చిన ఇన్‌డిజైన్ కొత్తది తీసుకుంటే పీఎండీ ఫైళ్లు దాంట్లో తెరుచుకుంటాయని ఎవరైనా చెప్తే నమ్మకండి. పేజ్‌మేకర్ ఫైళ్లను తెరిచిన చివరి ఇన్‌డిజైన్ సీఎస్6, 2012ది. అడోబీ ఇప్పుడు దాన్ని అమ్మడం లేదు, తర్వాత వచ్చిన వెర్షన్లకు ఆ ఫైళ్లు తెలియవు. కాబట్టి "కొత్తది కొంటే పాతవన్నీ దాంట్లోకి వస్తాయి" అనే లెక్క వేసుకోవద్దు. పేజ్‌మేకర్ ఎక్కడో ఒకచోట బతికి ఉండాలి.

కోరల్ కొనకముందు ట్రయల్ వేయండి, కొన్ని రోజులు ఉచితం. ఖాళీ పేజీ మీద గీతలు గీసి బాగుందనుకుంటే లాభం లేదు. మీ పాత కోరల్‌లో చేసిన శుభలేఖ ఫైలే తెరవండి. "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" లైను, "చి.ల.సౌ." తర్వాత పెళ్లికూతురి పేరు జూమ్ చేసి చూడండి. లక్ష్మి అన్న పేరులో క్ష కింద మ ఒత్తు చోటు మారిందా, ఎక్కడైనా అక్షరం బదులు డబ్బా పడిందా? మన పాత ఫాంట్లు యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికి సొంత కోడ్ ఉండే పద్ధతి) కాదు, ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టినవి. మిగతా మ్యాటరంతా బాగానే ఉండి ఒక్క ఒత్తు ఎగిరిపోవచ్చు. పేరు తప్పు పడితే కార్డులన్నీ మన నెత్తిమీదే.

ఇంకొకటి. మల్టీకలర్ పని బయట ప్రెస్‌కి పంపిస్తారు కదా, వాళ్ల దగ్గర ఏ కోరల్ ఉందో కనుక్కోండి. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసింది పాతదాంట్లో తెరుచుకోదు. సేవ్ యాజ్‌లో వెర్షన్ అని ఉంటుంది, వాళ్లది ఎంచుకుని పంపాలి. నేనైతే ఫాంట్ అవసరం లేకుండా అక్షరాలను కర్వ్స్ (గీతల బొమ్మలు) చేసి పీడీఎఫ్ కూడా జత చేస్తా.

పేట డీటీపీ:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. ల్యాప్‌టాప్ మాట మా ఆయనకి చదివి వినిపించాను, కాసేపు ముఖం ముడుచుకుని యూపీఎస్‌కి ఒప్పుకున్నారు.

లాక్ కంపెనీకి ఫోన్ చేశాను. నా వెర్షన్‌కి 64 బిట్ డ్రైవర్ లేదట. కొత్త వెర్షన్‌కి మారాలి, పాత లాక్ వెనక్కి ఇస్తే తగ్గింపు ఉంటుందన్నారు. విండోస్ 10, 11 ఇంటెల్, ఏఎండీ వాటికి మాత్రమే అని వాట్సాప్‌లో రాసిచ్చారు. ప్రింటర్‌కి విండోస్ 10 64 బిట్ డ్రైవర్ కనిపించింది, దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాను. ఫొటోషాప్ 7 ఎలాగో చూసుకుంటాను, ఫొటోలు కత్తిరించడానికే వాడతాను.

ఒక్క అనుమానం. షాపతను పాత సిస్టమ్ ఎక్స్‌చేంజ్‌లో తీసుకుంటానంటున్నాడు. ఇచ్చేయొచ్చా?

గుంటూరు సర్వీస్:

ఇవ్వకండి. పాత లాక్ కూడా అప్పుడే వెనక్కి పంపకండి, తగ్గింపుకి గడువు ఎంతో అడిగి చివరిదాకా ఉంచుకోండి. వెయ్యి రూపాయలకీ రెండు వేలకీ ఆశపడి ఆ ఫైళ్లన్నీ తెరిచే మిషన్ పోగొట్టుకున్నట్టవుతుంది. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరిలోనే ఆగిపోయింది కాబట్టి దానికి నెట్ వైరు తీసేయండి, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌తో మార్చుకోండి. హార్డ్ డిస్క్ మొత్తం ఒక ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ (ఉన్నదున్నట్టు కాపీ) చేయించి పక్కన పెట్టండి.

పొద్దున్నే లేవడం లేదన్నారు కదా, ముందు ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు అందించే డబ్బా) మార్పించి చూడండి, పెద్ద ఖర్చేం కాదు. అది మార్చాక మామూలుగా లేస్తే మాఘమాసం దాని మీదే గడిపేసి, కొత్తది సీజన్ అయ్యాక తీరిగ్గా కొనుక్కోవచ్చు.