మిర్చి యార్డు తుమ్ములకు స్కిన్ టెస్ట్: గోలీలు ఎప్పటి నుంచి ఆపాలె?

హన్మకొండ తమ్ముడు:
మా అన్న ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు మోస్తడు. పొద్దున లేవంగనే వరుస తుమ్ములు, యార్డుకు పోతే దగ్గు. రోజూ లెవోసెట్రిజిన్ (అలర్జీని ఆపే యాంటీహిస్టమిన్ గోలీ) వేసుకుంటడు. డాక్టర్ స్కిన్ ప్రిక్ టెస్ట్ (చర్మం మీద గుచ్చి చూసే అలర్జీ పరీక్ష) రాసిండు. గోలీ ఆపాల్నా? రక్త పరీక్ష సరిపోదా?

అలర్జీ ల్యాబ్, కాజీపేట:
ఆపాలె తమ్మీ. డాక్టర్‌కు చెప్పి 7 రోజుల ముందు నుంచి బంద్ చేయాలె. చాలామంది ఇక్కడనే తప్పుతరు: సెట్రిజిన్ ఆపుతరు గానీ జలుబు గోలీ, దగ్గు సిరప్ తాగుతరు. వాటిల్ల క్లోర్‌ఫెనిరమిన్ ఉంటది, అది గూడ అదే జాతి మందు. మాంటెలుకాస్ట్ ఒక్కటే ఉన్న గోలీ, స్టెరాయిడ్ ఒక్కటే ఉన్న ముక్కు స్ప్రే ఆపే పని లేదు. అజెలాస్టిన్ ఉన్న స్ప్రే అయితే అది గూడ యాంటీహిస్టమినే, ఆపాలె. మాంటెలుకాస్ట్, లెవోసెట్రిజిన్ కలిపిన గోలీ అయితే మాత్రం ఆపాలె. అమిట్రిప్టిలిన్ (డిప్రెషన్‌కు, నరాల నొప్పికి ఇచ్చే మందు) వాడుతుంటే ముందే చెప్పాలె, అది గూడ దద్దును అణుస్తది, సొంతంగ ఆపొద్దు.

ముంజేయి లోపలి వైపు అలర్జీ తెచ్చే వాటి ద్రావణాల చుక్కలు పెడతరు, చుక్కకు చుక్కకు 2 సెంటీమీటర్లు ఎడం. దగ్గరైతే ఒకదాని దద్దు ఇంకోదాంట్ల కలుస్తది. ఒక్కో చుక్కకు కొత్త లాన్సెట్ (సన్న సూది). పైపొరల గుచ్చుడే, రక్తం రావద్దు. 15–20 నిమిషాలకు దద్దు కొలుస్తరు, చుట్టూ ఎరుపును లెక్కల పట్టరు. పోల్చనీకి పెట్టిన ఉప్పునీళ్ల చుక్క కన్నా 3 మిల్లీమీటర్లు ఎక్కువుంటేనే పాజిటివ్. మామూలుగ దద్దు రావాల్సిన హిస్టమిన్ చుక్కకు గూడ దద్దు రాలేదంటే మందు ఇంకా ఒంట్ల ఉండొచ్చు. అట్లాంటి రిపోర్టుల అన్నీ నెగెటివ్ వచ్చినా దానికి విలువ లేదు, మళ్ల చేయించుకోవాల్సిందే.

శ్వాసకోశ డాక్టర్, కరీంనగర్:
మిర్చి ఘాటుకు వచ్చే దగ్గు ఎక్కువగా అలర్జీ కాదు. కాప్సైసిన్ నేరుగా నరాల కొసల్ని మండిస్తుంది, అది ఈ టెస్టులో దొరకదు. దానికి మాస్కే మందు. లేవగానే తుమ్ములంటే నా అనుమానం పరుపులోని ధూళి పురుగుల మీద. అవి ప్యానెల్‌లో (టెస్టు చేసే వాటి జాబితాలో) ఉన్నాయో లేదో అడగండి. ఒకటి గమనించండి: పాజిటివ్ వచ్చినవన్నీ జబ్బుకు కారణం కావు. లక్షణాలతో సరిపోలని దద్దును చూసి వంకాయ, పెరుగు మానేయడం అన్యాయం.

చర్మం గీరితేనే దద్దులు లేచేవాళ్లకు, గోలీ ఆపలేనివాళ్లకు రక్తంలో ఐజీఈ (అలర్జీకి కారణమయ్యే యాంటీబాడీ) పరీక్ష మేలు. పిల్లికూతలు, ఆయాసం అదుపులో లేకపోతే ప్రిక్ టెస్ట్ వాయిదా వేయాలి. బీపీకి అటెనొలాల్ లాంటివి వాడుతుంటే తప్పక చెప్పండి, తీవ్రమైన రియాక్షన్ వస్తే ప్రాణం కాపాడడానికి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ సరిగా పనిచేయకపోవచ్చు. ఆ ఇంజెక్షన్ పక్కన లేని చోట చేయించుకోవద్దు.

నర్సంపేట అక్క:
వయ్యారిభామ పీకినంక ముఖం, మెడ మీద దురద పొక్కులు వచ్చేటోళ్లకు?

శ్వాసకోశ డాక్టర్, కరీంనగర్:
వాళ్లకు ప్రిక్ కాదక్కా, ప్యాచ్ టెస్ట్. అనుమానమున్న పదార్థాలు పెట్టిన పట్టీలు వీపు మీద 48 గంటలు ఉంచి తీసి చూస్తారు, మళ్లీ 72 లేదా 96 గంటలకు చూస్తారు. అన్ని రోజులూ వీపు తడవకూడదు, చెమట పట్టే పని వద్దు. అందుకే ఎండాకాలం, నాట్ల రోజులు తప్పించి పెట్టుకోండి.